ఆ నూతిలో నీళ్ళు ఎక్కడివి?

నమ్ముతున్న మనిషి దగ్గర నిజం చెప్పాలా, ఊరుకోవాలా?

చూడ్డానికి చిన్న ప్రశ్నే. ఇంట్లో రోజూ ఎదురయ్యేదే. కొత్తచీర కట్టుకుని "ఎలా ఉంది?" అని అడిగిన తోటికోడలికీ, మొదటి కథ చేతికిచ్చి మొహంలోకే చూస్తూ నిలబడిన కొత్త రచయిత్రికీ ఏం చెప్పాలో మనకి బాగానే తెలుసు. ఏదో ఒకటి సర్దిచెప్పేస్తాం. కానీ ఆ నమ్మకం పట్టుకునే ఒక మనిషి రోజులు వెళ్ళదీస్తూ ఉంటే? అప్పుడు నోరు విప్పడం ధర్మమా, మూసుకోవడం ధర్మమా?

ఈ ప్రశ్న నాకు ఒక నూతిగట్టు మీద ఎదురైంది. అదైనా మన పెరటి నుయ్యి కాదు. ఇంగ్లండుని ఆనుకుని ఉన్న వేల్స్‌లో, మతం మనది కాని, మాట మనది కాని ఒక చిన్న ఊళ్ళో నుయ్యి.

అక్కడిదాకా ఎందుకు వెళ్ళానంటారా? మా అక్క కోసం.

అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. నేను ఉత్త బి.ఏ.ని, కథలు రాసుకునేదాన్ని. అక్క బి.ఎస్సీ., ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. రెండేళ్ళ క్రితం ఒక తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తూ వేస్తూ పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం. ప్రాణం దక్కింది. మాట తిరిగొచ్చింది. కాలు కొంత తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం తేరుకోలేదు. బోర్డు నిండా అక్షరం వంకర పోకుండా లెక్కలు రాసిన చెయ్యి ఒళ్ళో పడుకుని ఉంటే, అక్క దానివైపు మాట వినని పిల్లాణ్ణి చూసినట్టు చూసేది.

ఆస్పత్రి వరండాలో డాక్టరుగారు నన్నూ, అక్క కొడుకునీ పక్కకి పిలిచారు. "మొదటి నెలల్లో వచ్చేదే ఎక్కువండీ. ఆ తర్వాత వచ్చేది నెమ్మదిగా, కొద్దికొద్దిగా వస్తుంది. చెయ్యి మునుపటిలా అవుతుందని మాత్రం నేను చెప్పలేను" అన్నారు. మేం లోపలికి వచ్చి అక్కతో "టైము పడుతుందన్నారు" అని మాత్రం చెప్పాం. అబద్ధం కాదుగా! నిజాన్ని సగానికి కోసి, మెత్తగా ఉన్న సగం ఆవిడ చేతిలో పెట్టాం, అంతే.

మావాడు లివర్‌పూల్లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కని కొన్నాళ్ళు తన దగ్గర ఉంచుకుంటానంటే, తోడుగా నేనూ వెళ్ళాను. పక్కింట్లో ఒక ఐరిష్ ముసలావిడ, ఒంటరి మనిషి. మధ్యాహ్నం టీ వేళకి వచ్చి కూర్చునేది. ఆవిడ ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది కాదు. అక్కకి మాత్రం ఎలా అర్థమయ్యేదో గానీ, ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఒకరోజు ఆవిడ వెళ్ళగానే అక్క అంది: "చిన్నీ, ఆదివారం మ్యూజియమూ వద్దు, గీజియమూ వద్దు. హోలీవెల్ అని ఇక్కడికి గంట దూరంలో ఒక నుయ్యి ఉందిట. అక్కడికి తీసుకెళ్ళమను వాణ్ణి."

"అది కిరస్తానీల నుయ్యి అక్కా!"

"నీళ్ళకి మతమేమిటే?" అంది. ఇంకేం మాట్లాడతాను?

నాకో దురలవాటుంది. ఎక్కడికైనా వెళ్ళేముందు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివేస్తాను. ఆ శనివారం రాత్రీ అదే పని చేశాను. చదవకుండా ఉంటే బాగుండునని తెల్లవారేదాకా అనుకున్నాను.

ఆ ఊరిని వేల్స్ భాషలో ట్రెఫిన్నోన్ అంటారు. నూతి ఊరు అనే అర్థం. దాని కథ ఏడో శతాబ్దం నాటిదని చెబుతారు. గ్వెన్‌ఫ్రెవి అనే అమ్మాయి ఉండేది. ఇంగ్లీషువాళ్ళ నోట్లో వినిఫ్రెడ్ అయింది. తల్లిదండ్రులు ప్రార్థనకి వెళ్ళిన వేళ పిల్ల ఒంటరిగా ఇంట్లో ఉంది. కరాడొగ్ అనే రాజకుమారుడు గుర్రం మీద వచ్చాడు. దాహమన్నాడు. దాహంతో పోయిందా? పిల్లని కోరాడు. ఆ అమ్మాయి తెలివిగా "మంచిబట్టలు కట్టుకుని వస్తాను" అని లోపలికి వెళ్ళి, వెనకదారిన మేనమామ ఉన్న గుడివైపు పరుగెత్తింది. వాడు గుర్రం మీద తరిమి, కొండవాలులో ఒక్క వేటుతో తల తెగేశాడు. తల దొర్లి పడినచోట నేల చీలి నీళ్ళు ఉబికాయి. మేనమామ బైనో మహాత్ముడు. వచ్చి, తలని మొండేనికి చేర్చి ప్రార్థన చేస్తే పిల్ల లేచి కూర్చుంది. వాడు మాత్రం అక్కడే కుప్పకూలి చచ్చాడు.

ఆడపిల్ల "వద్దు" అంటే కత్తి తీసే మగవాడి కథ చదవడానికి మనం ఏడో శతాబ్దం దాకా, వేల్స్ దాకా వెళ్ళాలా? ఆ బాధ ఒకటి. కానీ కథలో ఒక చిన్న సంగతి నన్ను పట్టేసింది. తల అతుక్కున్నా, మెడ చుట్టూ సన్నటి తెల్లని గీత ఒకటి ఆవిడకి జీవితాంతం ఉండిపోయిందిట. చచ్చినదాన్ని బతికించిన మహిమకి మచ్చ చెరపడం కష్టమా? అయినా చెరపలేదు. ఆవిడ సన్న్యాసినిగా చాలాకాలం బతికి, ఏటేటా మేనమామకి ఒక అంగవస్త్రం తయారుచేసి నీటిలో వదిలితే, అది తడవకుండా ఆయన్ని చేరేదని కూడా చెబుతారు.

ఇదంతా గ్రంథస్థమైంది పన్నెండో శతాబ్దంలో, అంటే జరిగిందనుకున్న అయిదువందల ఏళ్ళకి. నమ్మడం నమ్మకపోవడం మన ఇష్టం. ఆ బైనో మరో వరం కూడా ఇచ్చాడంటారు: అక్కడి రాతి దగ్గర వినిఫ్రెడ్ పేరు చెప్పి మూడుసార్లు అడిగినవాళ్ళ కోరిక వృథా పోదని. అందుకే యాత్రికులు మూడుసార్లు నీళ్ళలోంచి నడిచి, చివరికి బయటి కొలనులో ఉన్న ఆ రాతి మీద మోకరిల్లుతారు. మనకి మూడు ప్రదక్షిణలు లేవూ? అలాగే.

ఇంతవరకూ బాగానే ఉంది. పేజీ తిప్పాను. 1917 వచ్చింది.

ఆ ఊరి చుట్టుపక్కల కొండల్లో సీసం గనులున్నాయి. గనుల్లో ఊరే నీళ్ళు బయటికి పోవడానికి కొండ అడుగున మైళ్ళ పొడవునా ఒక సొరంగం తవ్వుతూ వచ్చారు. 1917 జనవరి 5న ఆ తవ్వకం భూమిలోపలి పెద్ద నీటిగుహని తాకింది. అంతే, నీళ్ళన్నీ సొరంగంలోకి మళ్ళిపోయాయి. శతాబ్దాలుగా ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా ఉబికిన ఊట ఆగిపోయింది. నుయ్యి ఎండిపోయింది! ఆ సెప్టెంబరులో భూమిలోనే ఉన్న వేరే నీటిదారిని తెచ్చి నూతికి కలిపారు. ధార మునుపటంత లేదు. ఈనాటికీ భక్తులు మునిగేదీ, సీసాల్లో పట్టుకెళ్ళేదీ ఆ నీళ్ళే.

అంటే అక్క తన చెయ్యి ముంచబోయే నీళ్ళు, వినిఫ్రెడ్ తల పడినచోట పుట్టిన నీళ్ళు కావు! ఇంజనీర్లు తెచ్చి కలిపిన నీళ్ళు.

చెప్పనా? మాననా? చెబితే ఆవిడ ఉత్సాహం మీద బిందెడు నీళ్ళు పోసినట్టవుతుంది. చెప్పకపోతే మళ్ళీ సగం నిజమేగా. డాక్టరు మాట ఒకటి కడుపులో దాచుకుని ఉన్నదాన్ని, దాని పక్కన దీన్నీ కూర్చోబెట్టాను.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. దారిలో అక్క కిటికీలోంచి గొర్రెల్ని లెక్కపెడుతూ కూర్చుంది. డీ నది సముద్రంలో కలిసేచోటు దూరంగా వెడల్పుగా, బూడిదరంగులో కనిపించింది. ఊరు కొండవాలులో ఉంది. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళాం.

పేరుకి నుయ్యే గానీ చేదతో తోడుకునేది కాదు. నేలలోంచి పైకి ఉబికే ఊట. దాని చుట్టూ నక్షత్రం ఆకారంలో రాతితొట్టి, పైన నగిషీలు చెక్కిన రాతికప్పు, ఆ కప్పు మీద మరో అంతస్తులో చిన్న ప్రార్థనామందిరం. నీళ్ళు తొట్టిలోంచి బయటి కొలనులోకి వస్తాయి. పదహారో శతాబ్దం మొదట్లో కట్టినది. కట్టించినావిడ ఏడో హెన్రీ రాజుగారి తల్లి మార్గరెట్ బోఫోర్ట్ అని చెబుతారు. పదమూడేళ్ళకే తల్లి అయి, మళ్ళీ కడుపు పండని మనిషి ఆవిడ. చిత్రమేమిటంటే, ఆవిడ మనవడే ఎనిమిదో హెన్రీ. దేశంలో మఠాలన్నీ మూయించిందీ, పుణ్యక్షేత్రాలు పడగొట్టించిందీ ఆయనే. వినిఫ్రెడ్‌వని 1138లో ష్రూస్‌బరీ మఠానికి తరలించిన ఎముకలు కూడా ఆ కాలంలోనే చెల్లాచెదురైపోయాయి. నుయ్యి మాత్రం మిగిలింది. ఆ తర్వాత కేథలిక్కులకి గడ్డుకాలం వచ్చి, గురువు దొరికితే ఉరే అన్న రోజుల్లోనూ జనం ఇక్కడికి రావడం మానలేదు. 1629లో పండగనాడు పధ్నాలుగు పదిహేనువందల మంది పోగయ్యారని ప్రభుత్వానికి కబురందింది. బ్రిటన్‌లో ఇలా తెగకుండా సాగిన యాత్ర ఇదొక్కటేనంటారు.

గోడల నిండా వచ్చిపోయినవాళ్ళు చెక్కుకున్న పేర్లూ, పొడి అక్షరాలూ, సంవత్సరాలూ. మన కోటల గోడల మీద ప్రేమికుల పేర్లు చూసి విసుక్కునేదాన్ని, ఇక్కడ మాత్రం విసుగు రాలేదు. ప్రదర్శనశాలలో నడవలేక వచ్చినవాళ్ళు వదిలివెళ్ళిన చంకకర్రలు ఉన్నాయి. వాటి దగ్గర అక్క చాలాసేపు నిలబడింది.

మావాడు వాళ్ళమ్మని నెమ్మదిగా మెట్లు దింపి కొలను దగ్గర కూర్చోబెట్టాడు. నేను కొంచెం ఎడంగా బెంచీ మీద కూర్చున్నాను. అక్క ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి నీళ్ళలో ముంచింది. ఆ నీళ్ళు వేసవిలోనూ జివ్వుమనే చల్లదనం. చూస్తున్న నాకే ఒళ్ళు జలదరించింది.

అక్కడ కూర్చుని ఆలోచించాను. ఇన్ని వందల ఏళ్ళుగా ఇక్కడికి వచ్చినవాళ్ళకి ఏం దొరికింది?

ఎడ్వర్డ్ ఓల్డ్‌కార్న్ అనే జెసూయిట్ గురువుకి గొంతుపుండు ప్రాణం మీదికి వస్తే, ఇక్కడికి వచ్చి నయమైందని ఆయన తోటిగురువు రాసిపెట్టాడు. నయమైన ఆ గొంతుకే 1606లో ఉస్టర్‌లో ఉరితాడు పడింది. రెండో జేమ్స్ రాజుగారి భార్య మేరీకి పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, మగబిడ్డ కోసం 1680లలో ఈ నూతికి మొక్కుకున్నారు. 1688 జూన్‌లో కొడుకు పుట్టాడు. మొక్కు తీరిందా? తీరింది. కానీ కేథలిక్ రాజుకి కేథలిక్ వారసుడు పుట్టాడనే భయంతోనే ఆ దేశం తిరగబడింది. ఆ డిసెంబరుకల్లా రాజుగారు సింహాసనం వదిలి ఫ్రాన్సుకి పారిపోయారు. అడిగింది దొరికింది, ఉన్నది పోయింది!

ఇంకో కథ ఉంది. 1805లో వినిఫ్రెడ్ వైట్ అనే ఆవిడ, సాధువు పేరే ఈవిడదీ, ఒక పక్క చచ్చుబడి కర్ర ఊతతో వచ్చి, మునిగి లేచి, కర్ర లేకుండా నడిచి వెళ్ళిందిట. జాన్ మిల్నర్ అనే బిషప్పు సాక్ష్యాలన్నీ పోగుచేసి పుస్తకమే వేశాడు. శనివారం రాత్రి ఇది చదివినప్పుడు నా గుండె ఒక్క క్షణం ఆగి కొట్టుకున్న మాట నిజం. పక్షవాతమే! కానీ నయమైనవాళ్ళకి పుస్తకాలు వస్తాయి గానీ, వచ్చినదారినే తిరిగి వెళ్ళినవాళ్ళకి పుస్తకం ఎవరు రాస్తారు? ఆ చంకకర్రలు వదిలివెళ్ళినవాళ్ళవి. తిరిగి చంకన పెట్టుకుని వెళ్ళిన కర్రలు ఎన్నో!

పోనీ నీళ్ళలోనే ఏదో మహిమ ఉందనుకుందామా? ఈ నీళ్ళే కొలను దాటి, లోయలో మైలు దూరం పారి సముద్రంలో కలుస్తాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ మైలు పొడవునా కార్ఖానాలు లేచాయి. పుణ్యతీర్థం చక్రాలు తిప్పింది. పత్తి ఏకింది, రాగి సాగగొట్టింది. ఆ రాగితో, ఇత్తడితో చేసిన సరుకుల్లో కడియాలున్నాయి. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి ఇచ్చే కడియాలు! బానిస వ్యాపారానికి కళ్ళెం వేసే బిల్లు వచ్చినప్పుడు, 1788లో, థామస్ విలియమ్స్ అనే రాగి వ్యాపారి, ఆ వ్యాపారానికి సరుకు తయారుచేసే కార్ఖానాల మీద మేం డబ్బు పెట్టామని పార్లమెంటుకి అర్జీ పెట్టుకున్నాడు. ఆ కార్ఖానాలలో ఈ ఊరివీ ఉన్నాయి. పైన ఒక తల్లి బిడ్డకి నయం కావాలని ముంచిన నీళ్ళే, కింద ఇంకో తల్లి బిడ్డని కొనే కడియానికి చక్రం తిప్పాయి. నీళ్ళు ఎవరి పక్షమూ వహించవు. మహిమ ఉంటే గింటే నీళ్ళలో లేదు. ముంచే మనిషి దేనికోసం ముంచుతోందన్నదాంట్లోనే ఉండాలి.

ఇలా అనుకోగానే నా ధైర్యం కొంచెం పెరిగింది. మావాడు కొవ్వొత్తులు కొనడానికి దుకాణంలోకి వెళ్ళాడు. నేను అక్క పక్కకి వెళ్ళి కూర్చుని, చేతులు తుడవడానికి తువ్వాలు అందిస్తూ, "అక్కా, నీకో సంగతి చెప్పాలి" అన్నాను.

"చెప్పు."

"ఈ నీళ్ళు అసలు నీళ్ళు కావుట. వందేళ్ళ క్రితం గనులవాళ్ళు తవ్వితే నుయ్యి ఎండిపోయిందిట. ఇంకోచోటి నుంచి తెచ్చి కలిపారుట."

అక్క నావైపు తిరగను కూడా తిరగలేదు. చెయ్యి తుడుచుకుంటూనే, "తెలుసే. పక్కింటావిడ మొదటిరోజే చెప్పింది" అంది.

నేను తెల్లబోయాను. "తెలిసే వచ్చావా?"

"అది తెలిసే రాబుద్ధయింది. మనకి ఆ ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ ఏం చెప్పేది? మెదడులో ఆ చెయ్యిని ఆడించే భాగం దెబ్బతింది మేడమ్, ఆ దారి మూసుకుపోయింది, పదేపదే చేయిస్తూ ఉంటే మెదడు ఇంకో దారి వెతుక్కుంటుంది, అని కదూ? ఈ నూతికీ అంతేగా అయింది. ఒక దారి పోయింది, ఇంకో దారిన వచ్చింది. మునుపటంత ధార లేదనీ చెప్పింది ఆవిడ. లేకపోతేనేం? నీళ్ళు వస్తున్నాయా లేదా?"

నాకు నోట మాట రాలేదు. అక్క ఆగి, ఇంకా మెల్లగా అంది: "మునుపటిలా కాదని డాక్టరు మీ ఇద్దరితో చెప్పింది కూడా నాకు తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలే? మీరిద్దరూ వరండాలోంచి లోపలికి వచ్చిన మొహాలు నేను చూడలేదనుకున్నావా? ముప్పై ఏళ్ళు మొహాలు చూసి ఎవడు హోంవర్కు చెయ్యలేదో కనిపెట్టినదాన్ని!"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మరి ఒక్కసారైనా అడగలేదేం అక్కా?" అన్నాను.

"అడిగాను. మొదట్లో రోజూ అడిగేదాన్ని, 'నా చెయ్యి ఎప్పుడు బాగవుతుందే' అని. నేను అడగగానే నువ్వు కాఫీ కలపడానికి లేచేదానివి. వాడు ఫోను తీసేవాడు. ఇక మీ ఇద్దర్నీ బాధపెట్టడం ఎందుకని అడగడం మానేశాను. అడగడం మానేస్తే కోరడం మానేసినట్టు కాదు కదే. ఇక్కడికి వచ్చి పైకే అడిగాను, తెలుగులోనే. నా చెయ్యి నాకు ఇమ్మని. ఎవరూ మాట మార్చలేదు. కాఫీ కలపడానికీ లేవలేదు."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

నూతి పక్క రాతిలో ఒక చిన్న శిల్పం ఉంది. ఒక మనిషి ఇంకొక మనిషిని వీపు మీద మోసుకుని వస్తున్నట్టు చెక్కారు. వచ్చేటప్పుడు దాన్ని చూసి, రోగిని అన్నగారో తమ్ముడో మోసుకొస్తున్నాడు కాబోలు అనుకుని దాటి వచ్చాను. తిరిగి వెళ్ళేటప్పుడు దాని దగ్గర ఆగాను. మోసుకొచ్చినవాడు ఈ నీళ్ళని నమ్మాడో లేదో ఎవరికి తెలుసు? మోశాడు. అంతవరకే వాడి వంతు. అడిగేది పైనున్నవాడి వంతు. నేను అక్కని ఇంతదూరం తెచ్చాను గానీ, అడగవలసిన మాట కూడా ఆవిడ నోట్లోంచి నేనే తీసేసుకున్నాను, బరువుగా ఉంటుందని!

ఇది చదివి మీలో కొందరు "అయితే మందులు మాని తీర్థాలకి తిరగమంటావా?" అని నన్ను నిలదీస్తారని తెలుసు. అనను. మాత్రలు మానెయ్యి, డాక్టరు వద్దు, ఈ నీళ్ళు చాలు అని చెప్పే నుయ్యి ఏ దేశంలో ఉన్నా, ఏ దేవుడిదైనా, దాని మీద మూత వెయ్యవలసిందే. అక్క ఆరోజు కూడా రక్తపోటు మాత్ర వేసుకునే బయల్దేరింది. తిరిగొచ్చాక సాయంత్రం వ్యాయామమూ మానలేదు. నూతికి ఇవ్వవలసింది నూతికిచ్చింది, డాక్టరుకి ఇవ్వవలసింది డాక్టరుకిచ్చింది. లెక్కల టీచరు, ఆవిడ పద్దులు కలవకుండా ఉంటాయా?

కానీ మనలాంటి చదువుకున్న ఆడవాళ్ళం చేసే తప్పు ఇంకొకటి ఉంది. ఇంట్లో జబ్బుపడినవాళ్ళని మనం చాలా ప్రేమగా చిన్నపిల్లల్ని చేసేస్తాం. రిపోర్టు మనం చదువుతాం, డాక్టరుతో మనం మాట్లాడతాం, వాళ్ళకి జల్లెడపట్టి చెబుతాం. నిజం భరించే శక్తి మనకే ఉందనీ, వాళ్ళకి నమ్మకం ఒక్కటే ఆధారమనీ అనుకుంటాం. నమ్మేవాళ్ళకి ఏమీ తెలియదు కాబట్టే నమ్ముతున్నారనుకుంటాం. పక్కింటావిడకి 1917 సంగతి ఏళ్ళ తరబడి తెలుసు. అయినా ఏటా వెళ్ళి ఆ నీళ్ళలో మోకాళ్ళదాకా నిలబడుతుంది. అక్కకి డాక్టరు మాట మొదటిరోజే తెలుసు. అయినా రోజూ రబ్బరుబంతి పిసుకుతుంది. తెలిసీ నమ్మేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ నమ్మకం మనం ఊదితే ఆరిపోయే దీపం కాదు.

మొదట అడిగిన ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇదీ. చెప్పాలా, ఊరుకోవాలా అన్నది నేను ఒక్కదాన్నే కూర్చుని తేల్చుకోవలసింది కాదు. ఆ మనిషినే అడగవలసింది. "డాక్టరు కొంచెం చెప్పారు, వింటావా?" అని ఆరోజే ఒక్కమాట అడిగి ఉంటే, అక్క "వింటాను" అనేదో, "ఇప్పుడు కాదులే" అనేదో, ఏదైనా ఆవిడ ఇష్టం. రెండేళ్ళపాటు ఒకే ఇంట్లో, ఒకే సంగతి, ముగ్గురం విడివిడిగా మోసేవాళ్ళం కాదు.

ఇంటికి వచ్చాక ఆ రాత్రే నేనూ మావాడూ కూర్చుని డాక్టరు చెప్పిందంతా, పొల్లుపోకుండా అక్కకి చెప్పాం. అక్క మధ్యలో రెండు ప్రశ్నలు వేసింది. కాసేపు ఏడిచింది. మేమూ ఏడిచాం. తర్వాత చారు వేడిచెయ్యమంది.

ఆ నూతి నీళ్ళు ఒక సీసాలో మాతో వచ్చాయి. మా దేవుడి గూట్లో గంగచెంబు పక్కన ఉన్నాయి. మొన్న చూద్దును కదా, సగానికి తగ్గి ఉండవలసిన సీసా అంచుదాకా నిండి ఉంది. "ఇదేమిటక్కా?" అంటే, "కుళాయి నీళ్ళు కలిపానే. వాళ్ళు కలిపినప్పుడు తప్పు లేదు గానీ నేను కలిపితే తప్పా?" అంది.

చెయ్యి సంగతంటారా? మునుపటిలా కాలేదు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి వస్తున్నాయి. చిటికెడు ముగ్గు పట్టగలుగుతోంది గానీ, గీత సన్నగా రాదు, వంకర పోతుంది. ఇప్పుడు అక్క "ఇంకా ఎన్నాళ్ళు పడుతుందే?" అని పైకే అడుగుతోంది. నేను కాఫీ కలపడానికి లేవడం మానేశాను. "తెలీదక్కా" అని చెప్పి, పక్కనే కూర్చుంటున్నాను.